లోకానికి ఎర్కైన మాట

మేస్త్రమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో మా బడి స్టాఫ్‌రూములో కూర్చుని సమాధాన పత్రాలు దిద్దుతున్నాను. మొదట నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఈ వయసులో అబద్ధం రాయడం ఇష్టం లేదు. నా గురించి ఒక సంగతి తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆమె కూడా లేదు. ఇంకో రెండు పత్రాలు దిద్దేసరికి ఆ ఊరట కాస్తా బరువై గుండెల మీద కూర్చుంది. ఎందుకంటే ఆ సంగతి వల్ల బతుకు తలకిందులైన నా చిన్ననాటి స్నేహితురాలు సువార్త ఇంకా ఉంది. తన మీద పడిన నింద నా మీద పడాల్సిందని సువార్తకు నేను ఏనాడూ చెప్పలేదు. సెలవు చీటీ రాసిచ్చి గద్వాల బస్సెక్కాను.

మేస్త్రమ్మకూ ఒక పేరు ఉండే ఉంటుంది, ఓటరు కార్డులో. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. గద్వాల చుట్టుపక్కల మా ఊళ్ళన్నీ సీడు పత్తి వేసే ఊళ్ళు. మామూలు పత్తి కాదు, కంపెనీలకు విత్తనం చేసిచ్చే పత్తి. దానికి ప్రతి పువ్వునూ చేత్తో పట్టుకుని పని చేయాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు సాయంత్రమే బొటనవేలి గోటితో చీల్చి లోపలి మగ భాగం తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క చుట్టాలి. తెల్లారి మగ సాళ్ళలోని పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్ని క్రాసింగు అంటారు. ఈ పని చేసే ఆడపిల్లల గుంపుకు ఆమె మేస్త్రి. అందుకని మేస్త్రమ్మ.

నల్లగా, పొడుగ్గా, తలకు తువ్వాల చుట్టుకుని గట్టు మీద నిలబడేది. చేన్లో ఆమె కూర్చోగా నేను చూడలేదు. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పెద్దగా పెంచేది. మొగ్గల పసరు పట్టి అది ఎప్పుడూ నల్లగానే ఉండేది. పెళ్ళిళ్ళకు పట్టుచీర కట్టుకొని వచ్చినా ఆ గోరు చూసి ఈమె మేస్త్రమ్మ అని చెప్పేయొచ్చు. దవడలో ఆకు, వక్క. మాట్లాడే ముందు ఒకసారి పక్కకు ఉమ్మేది. ఆమె ఉమ్మిందంటే ఏదో తీర్పు రాబోతోందని మాకు లెక్క.

ఆ తీర్పులన్నిటికీ చివర ఒకటే ముక్క ఉండేది: "లోకానికి ఎర్కే."

కొంగున ఉల్లిగడ్డ కట్టుకుంటే వడదెబ్బ తగలదు, లోకానికి ఎర్కే. బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట దిగదు, లోకానికి ఎర్కే. ఎడమచేతి వాటం పిల్ల రుద్దిన పువ్వు కాయ కట్టదు, లోకానికి ఎర్కే. ఎవరైనా "ఎట్ల ఎర్కవ్వా?" అంటే అడిగినదాన్ని ఒక చూపు చూసేది. ఆ చూపు తర్వాత మళ్ళీ అడిగే పిల్ల మా ఊళ్ళో పుట్టలేదు. నేను బడిలో కాస్త చురుకైనదాన్నే, సారును సందేహాలతో విసిగించేదాన్ని. ఆమె ముందు మాత్రం నోరు మూసుకునేదాన్ని.

ఆడపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి కాబట్టి పువ్వు నొచ్చుకోదని, మగపిల్లల వేళ్ళు మొద్దుగా ఉంటాయి కాబట్టి పనికిరావని కూడా లోకానికి తెలుసు. నా తమ్ముడి వేళ్ళు నా వేళ్ళకంటే సన్నం. ఇప్పటికీ అంతే, కావాలంటే చూపిస్తాను. వాడు బడికి పోయేవాడు, నేను చేనికి పోయేదాన్ని. పూత ఉండే ఆ మూడు నెలలు బడి మానేసినందుకు నాకు ఏడుపు వచ్చేది కాదు సరికదా, నా వేళ్ళను చూసుకుని మురిసిపోయేదాన్ని. అంత బాగా ఎక్కింది మాకు ఆ మాట.

అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. నెలసరిలో ఉన్న ఆడది, మా వైపు దూరమున్నది అంటారు, సీడు చేన్లో కాలు పెడితే విత్తనం చెడిపోతుంది. ఆ ఐదు రోజులు ఆ పిల్ల గట్టు కూడా ఎక్కకూడదు. ఈ కాపలా మేస్త్రమ్మది. పొద్దున్నే మేము ఒకరి వెనక ఒకరం ఆమె ముందునుంచి చేన్లోకి దిగాలి. ఆమె మొహం చూసేది, నడక చూసేది.

"ఏయ్ పిల్లా, నువ్వు నిలవడు. కండ్ల కింద నలుపు జూడు. పో ఇంటికి, ఐదు దినాలైనంక రా."

"లేదవ్వా, నాకేం లేదు. నిన్న జెరమొచ్చె, గంతె."

"నాకు చెప్తున్నవా? పో."

ఆ పిల్ల మొహం మాడ్చుకుని వెనక్కి తిరిగేది. రైతులు ఈ కన్ను కోసమే ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆమె గుంపు పని చేసిన చేను చెడదని పేరు.

మా నాయినకు రెండెకరాలు. రెండూ సీడు పత్తే వేశాడు ఆ ఏడు. నేను, సువార్త పక్కపక్క సాళ్ళలో చేసేవాళ్ళం. సువార్తవాళ్ళు కూలికి పోయే క్రైస్తవులు, ఊరి చివర ఉండేవాళ్ళు. నాకంటే ఏడాది చిన్నది. నేను అప్పటికే పెద్దమనిషినయ్యాను, ఊరంతా పిలిచి అమ్మ వేడుక కూడా చేసింది. సువార్త ఇంకా కాలేదు. బక్కగా ఉండేది, వాగుడుకాయ, పువ్వు పువ్వుకూ ఒక కథ చెప్పేది.

పూత ముమ్మరంగా ఉన్న రోజుల్లో నలుగురు పిల్లలు జ్వరంతో పడుకున్నారు. ఆ రాత్రి అన్నం తింటూ నాయిన చేయి ఆపేసి, "గిట్లయితే కింది సాళ్ళన్ని మిగుల్తయ్. ఏం జేయాల్నో సమజైతలేదు" అన్నాడు. నాయినను అంత పరేషాన్‌గా నేనెప్పుడూ చూడలేదు. తెల్లారి లేచేసరికి నాకు నెలసరి వచ్చింది. అమ్మకు చెప్పలేదు. చెబితే మా చేనికి ఇంకో జత చేతులు తగ్గుతాయి. తలకు నూనె రాసుకుని, మొహానికి పౌడరు దట్టంగా పట్టించి, అందరికంటే బిగ్గరగా నవ్వుకుంటూ మేస్త్రమ్మ ముందు నుంచి నడిచాను.

ఆమె చూసింది. మామూలుకంటే కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత మొహం చేను వైపు తిప్పి, పక్కకు ఉమ్మి, "పో, సాలు వట్టు" అంది. నేను ఆమె కన్నును మోసం చేశాననుకున్నాను. భయం, గర్వం రెండూ కలిగాయి. ఐదు రోజులూ అలాగే పోయాను.

ఎంత చేసినా కింది సాళ్ళు మిగిలిపోయాయి. మేము ముట్టుకోని మొగ్గలు వాటంతట అవి విచ్చుకున్నాయి. అలా విచ్చిన పువ్వులు తమలో తామే కాయ కట్టేస్తాయి. వాటిని తెంపి పారేయాలి, అది కంపెనీ నియమం. మేస్త్రమ్మ ఆ మాటే చెప్పింది.

"అన్నా, కింది సాళ్ళ విచ్చిన పూలు తెంపిపియ్యాలె."

"ఉండనీరాదు" అన్నాడు నాయిన. "కాయ కాయే. చేతికొచ్చినదాన్ని తెంపి పారేసుడేంది?"

"గట్ల గాదన్నా..."

"నా చేను నాకు తెల్వదా?"

ఆమె దవడలో ఆకు సర్దుకుంది. ఈ మాటలు నేనూ విన్నాను, సువార్తా విన్నది. మాకు అప్పుడు అవి పట్టించుకోదగ్గ మాటలుగా కనిపించలేదు.

ఎండాకాలంలో కబురు వచ్చింది. మా విత్తనం కంపెనీ పరీక్షలో ఫెయిలయింది, తీసుకోరు. ఏడాది కష్టం పోయింది. అమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఇంట్లో చావు జరిగినట్టే ఉంది. నేను ఆ రెండు రోజులూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు. నా వల్లే అయిందని నాకు అణుమాత్రం సందేహం లేదు. నా ఒంట్లోంచి ఏదో విషం చేన్లోకి దిగిందని, మా నాయినను నేనే ముంచానని నమ్మాను. రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

మూడో రోజు పొద్దున నాయిన మేస్త్రమ్మను పిలిపించాడు. ఇరుగుపొరుగు కూడా పోగయ్యారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ఎవరొచ్చిన్రో చెప్పు" అన్నాడు నాయిన. "దూరముండి ఎవరో దిగిన్రు నా చేన్ల. నీ కన్ను దాటి ఎట్ల దిగిన్రు?"

ఆమె అరుగు అంచున నిలబడి ఉంది. మా ఇంట్లోనూ కూర్చోలేదు. తలుపు సందులోంచి నా వైపు చూసింది. ఆమె ఉమ్మలేదు ఈసారి. ఆకు మింగేసింది.

"సువార్త" అంది.

"ఆ పిల్ల ఇంక కాలేదు గద" అంది మా అమ్మ.

"అయింది. అయి దాచిపెట్టింది. కొత్తగ అయినోళ్ళను పట్టుడు కష్టం, అందుకే నా కన్ను తప్పింది. లోకానికి ఎర్కే గద."

అంతే. నెల కింద సువార్తను కట్టెపుల్ల అని ఎగతాళి చేసిన ఆడవాళ్ళే, అవును, బుగ్గలు నిండినయ్ అన్నారు. గంటలో మాట ఊరంతా పాకింది. వాగుడు తగ్గింది అని ఒకరు, తల దించుకుని నడుస్తోంది అని ఇంకొకరు. మాట పడ్డ పిల్ల తల దించుకోక ఏం చేస్తుంది, ఆ మాత్రం ఎవరికీ తట్టలేదు. సువార్త తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. "నా బిడ్డ ఇంక గాలేదయ్యా, ప్రభువు సాక్షి" అని బైబిలు మీద చేయి పెట్టింది. "వాళ్ళకు ముట్టంటు పట్టింపులు ఉండయి. దాచిండ్రంటె దాచిండ్రు" అన్నారు ఎవరో వెనకనుంచి. కాలేదని రుజువు చేయడం ఎలాగో ఆ తల్లికి తెలియలేదు. ఏ తల్లికి తెలుస్తుంది?

ఆ సాయంత్రం సువార్త నన్ను బోరు దగ్గర పట్టుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాకేం కాలేదే. అయితే తెలుస్తది గద? నీకైంది, నీకు ఎర్కే. ఎట్లుంటదే? చెప్పు."

నేను అప్పుడు నిజం చెప్పి ఉండొచ్చు. ఎవరూ లేరు అక్కడ. నేను చెప్పింది ఇది:

"కొందరికి తెల్వకుండ గుడ అయితదంట."

అంట. నాకు తెలియదు, ఎవరూ నాకు చెప్పలేదు, ఆ క్షణాన నా నోటికి వచ్చింది. చివర 'అంట' తగిలించేసరికి అది ఎప్పటినుంచో ఉన్న మాటలా వినిపించింది. మేస్త్రమ్మకు నేనేమీ తీసిపోలేదు.

ఆ తర్వాత వాళ్ళ ఇంటివాళ్ళను ఎవరూ సీడు చేలకు పిలవలేదు. మా వైపు ఆ పని లేకపోతే ఇంకేం మిగులుతుంది, వలస. మూట ముల్లె కట్టుకుని పూనా పోయారు. పేరు పడిన పిల్లను ఎక్కువ రోజులు ఉంచుకోకూడదని అక్కడే ఎవరికో ఇచ్చి పెళ్ళి చేశారని కబురు వచ్చింది. అప్పుడు నేను పదో తరగతి పరీక్షలు రాస్తున్నాను. విత్తనం చెడిన ఆ ఏడు నుంచే నాయిన నన్ను చేనికి పంపలేదు. పెద్దమనిషైన పిల్లలను చేన్లో ఉంచుకోవడమే ముప్పు అన్నాడు. నేను చదువుకోవడానికి కారణం అది. ఈ మాట రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది.

డిగ్రీలో పువ్వు గురించి చదివినప్పుడు తల తిరిగిపోయింది. మా విత్తనం ఎందుకు చెడిందో ఒక పేజీలో ఉంది. తెంపకుండా వదిలేసిన కింది సాళ్ళ కాయలు మంచి కాయల్లో కలిశాయి, అంతే. నా ఒంటికి, ఆ విత్తనానికి ఏ సంబంధమూ లేదు. ఆ రాత్రి హాస్టల్లో సంతోషంతో ఏడ్చాను. తెల్లారేసరికి సువార్త గుర్తొచ్చి ఆ సంతోషం పోయింది.

టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది మేస్త్రమ్మను వెతుక్కుంటూ పోయాను. మోకాళ్ళు పోయి అప్పటికే చేన్లకు మానేసి, బల్మూరులో కూతురింట్లో ఉంటోంది. పంచలో కూర్చుని పల్లికాయలు వలుస్తోంది. ఆమె కూర్చుని ఉండగా చూడటం అదే మొదటిసారి. ఎంత చిన్నగా అయిపోయిందో. కానీ నేను జాలిపడటానికి రాలేదు, నిలదీయడానికి వచ్చాను.

"అవ్వా, ఆ ఏడు నేను దూరముండి చేన్లకొచ్చిన. నీకు ఎర్కనా?"

"ఎర్కే" అంది తల ఎత్తకుండా. "పౌడరు వూసుకుంటివి. నువ్వొక్కదానివేనా, నీకన్న ముందు శానమంది వచ్చిన్రు. అందర్ని ఆపుతె చేన్ల ఎవరుంటరు బిడ్డా?"

"మరి ఆ చేన్లు చెడలేదా?"

"ఎందుకు చెడ్తయ్?"

అంత మామూలుగా అనేసింది. ముప్పై ఏళ్ళు ఎంతమంది పిల్లలను ఆ కన్ను చూసి వదిలేసిందో, ఎన్ని చేలు నిక్షేపంగా పండాయో ఆమెకు తెలుసు. మా ఊళ్ళలో ఏ చదువుకున్నవాడికీ అంత రుజువు దొరికి ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి లోకానికి ఎర్కే, లోకానికి ఎర్కే అని మమ్మల్ని చంపితివి గద."

అప్పుడు తల ఎత్తింది. "లోకానికి ఎర్కే అన్న. నాకెర్క అని ఎన్నడన్న అన్ననా?"

నేను వెతికాను. నిజమే, ఏనాడూ అనలేదు.

"మరి ఎందుకు ఆపుతుంటివి?"

"జెరమొచ్చిన పిల్లను ఇంటికి తోలమంటె మీ నాయిన తోలుతుండెనా? పూత టైముల ఎవరన్న తోల్తరా? దూరమున్నదంటె మారుమాట లేకపోతుండె. ఐదు దినాలన్న నడుము వాల్చిన్రు." పల్లికాయ చిట్లించి గింజలు చాటలో వేసింది. "ఇంగ, ఆపకుంటె నేనెందుకు ఆడ? నన్నెవరు పిలుస్తరు?"

కండ్ల కింద నలుపు ఉందని వెనక్కి పంపిన పిల్లలు గుర్తొచ్చారు. నిజంగానే జ్వరం పిల్లలు వాళ్ళు. లోకం మాటను ఆమె తలుపులా వాడుకుంది, కావలసినప్పుడు తెరిచింది, కావలసినప్పుడు మూసింది. ఆమె మీద గౌరవం లాంటిదేదో పుట్టబోయింది. నేను పుట్టనివ్వలేదు.

"మరి సువార్త?"

ఆమె చేతులు ఆగాయి.

"నీ పేరు చెప్తె మీ నాయిన నిన్ను ఏం జేస్తుండెనో. పూలు తెంపనియ్యలే, తప్పు నీదేనన్నా అంటె నన్ను ఏం జేస్తుండెనో. ఎవరి మీదనో ఒకరి మీద వెయ్యాలె గద. ఆ పిల్లకైతె..." మళ్ళీ ఒక కాయ తీసుకుంది, వలవలేదు. "ఆ పిల్లకైతె అడిగెటోళ్ళు లేకుండె."

"పాపం గాదా అవ్వా?"

"పాపమే. నిద్ర పడుతదనుకుంటున్నవా నాకు? అయితె ఒకటి జెప్పు. లోకానికి ఎర్కైన మాట చెప్తె మల్ల ఎవరన్న అడుగుతరా? ఎవరూ అడగలే. నువ్వు గుడ తలుపెన్కనే ఉంటివి గద బిడ్డా."

కోపంగా లేచాను. ఆమె నా చేయి పట్టి ఆపి, చాటలోని పల్లీలన్నీ నా కొంగులో పోసింది. ఆ గోరు ఇంకా నల్లగానే ఉంది. ఇంక ఈమె మొహం చూడకూడదు అనుకుంటూనే ఆ కొంగు ముడివేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా తిన్నాను కూడా.

పిల్లలకు ఇప్పుడు నెలసరి గురించి నేనే పాఠం చెబుతాను. ఊరగాయ చెడదు, చెట్టు ఎండదు, పువ్వు వాడదు అని బల్ల గుద్ది చెబుతాను. మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీయబోయి, ఆ రోజుల్లో అయితే, నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత తీస్తాను. ఆ ఒక్క క్షణం మాత్రం ఏ పుస్తకమూ నా దగ్గర్నుంచి తీసేయలేకపోయింది.

ఆ రోజు బస్సు దిగి ఊరికి చేరేసరికి మేస్త్రమ్మను బల్మూరు నుంచి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఒకప్పటి ఆమె గుంపు పిల్లలు, అంటే ఇప్పటి అమ్మమ్మలు, అమ్మలు, చాలామంది వచ్చారు. అందరికంటే ఎక్కువగా ఏడుస్తున్న ఆడమనిషి ఎవరా అని చూస్తే సువార్త. కొత్త చీర తెచ్చి మేస్త్రమ్మ మీద కప్పింది. కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది.

సాగనంపిన తర్వాత గోడ నీడన ఇద్దరం కూర్చున్నాం. "టీచరమ్మా, మంచిగున్నవా?" అని పలకరించింది. పూనా నుంచి ఎప్పుడో తిరిగి వచ్చేశారట. ఇప్పుడు గద్వాల దగ్గర సీడు చేలలో తనకూ ఒక గుంపు ఉందని, తనే మేస్త్రినని చెప్పింది. ఒళ్ళు చేసింది, జుట్టు నెరిసింది, మాటలు మళ్ళీ వచ్చాయి.

"ఆమె నీ మీద అబద్ధం చెప్పింది సువార్తా. ఎందుకేడుస్తున్నవే ఆమె కోసం?" అన్నాను.

"అబద్ధమెందుకైతది?" అని ఆశ్చర్యపోయింది. "ఆమెకు మొకం జూస్తె ఎర్కైతుండె. నాకే ఎర్క లేకుండె. పూనాకు పోయినంక నాల్గు నెలలకు అయింది అనుకున్న నేను. అది మొదటిది గాదన్నట్టు. కొందరికి తెల్వకుండ గుడ అయితదని నువ్వే చెప్తివి గద. అన్యాయంగ ఆమెను తిట్టుకున్న శాన దినాలు. పాపం, ఆమె ఉన్నదే చెప్పింది."

బోరు దగ్గర నేను అల్లిన మాట అది.

"నేనైతె నా గుంపుల ఒక్కదాన్ని గుడ రానియ్య" అంది. "మేస్త్రమ్మది మెత్త మనసు, ఎప్పుడో ఒకసారి తప్పుతుండె. నేను తప్పనియ్య. నా సొంత బిడ్డను గుడ గట్టు ఎక్కనియ్య. నా వల్ల మీ ఇల్లు మునిగింది, మల్ల ఇంకొకల ఉసురు నాకెందుకు?"

అప్పుడు చెప్పాను. ఇన్నేళ్ళకు చెప్పాను. ఆ ఐదు రోజులూ దూరమున్నది నేను, మేస్త్రమ్మకు ఆ సంగతి తెలుసు, నన్ను కాపాడటానికి నీ పేరు చెప్పింది, అయినా విత్తనం చెడింది నా వల్ల కూడా కాదు, కింది సాళ్ళ పూలు తెంపకపోవడం వల్ల అని, పాఠం చెప్పినట్టు కాదు, ఏడుస్తూ చెప్పాను. ఆమె చేతులు రెండూ పట్టుకుని చెప్పాను.

సువార్త చివరిదాకా విన్నది. కొంగుతో నా కళ్ళు తుడిచింది.

"నా మనసు కుదుటపడాలని నీ మీద వేసుకుంటున్నవు" అంది. "చిన్నప్పటి సంది నువ్వు గంతె. మంచిదానివే నువ్వు."

"కాదే, నిజంగ..."

"సదువుకున్నోళ్ళు గట్లనే చెప్తరు. మా కాడికి వచ్చే దవాఖాన సిస్టరమ్మ గుడ గట్లనే అంటది. చేన్ల దిగి చేసెటోళ్ళకు ఎర్కైతది గని." లేచి చీర దులుపుకుంది. "మీ నాయిన ఆడ కూసున్నట్టుండు. ఎన్నేండ్లాయె, ఒక్క మాట అడుగుదమనుకుంట. మల్ల దొరుకుతడో లేదో."

ఏం అడుగుతుందో నాకు అర్థమయ్యేలోపే నడవసాగింది. నేను వెనకే పరుగెత్తినట్టు పోయాను. నాయిన ఎదురింటి పంచలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆయనకు చూపు సరిగా లేదు, కర్ర రెండు కాళ్ళ మధ్య ఆనించుకుని మనుషుల గొంతులు వింటూ ఉంటాడు. సువార్త వెళ్ళి ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"అయ్యా, నేను సువార్తను. ఆ యేడు నీ చేను నా వల్ల చెడె. చిన్నతనం, తెల్వలే. మాఫ్ జెయ్యి."

నాయిన చేయి చాచి తడుముకున్నాడు. ఆమె తల దొరికింది. దాని మీద చేయి వేశాడు. ఆయనకు ఆ కింది సాళ్ళు ఎప్పుడైనా గుర్తొచ్చాయో లేదో, అన్నీ తెలిసే ఇన్నేళ్ళూ ఊరుకున్నాడో, నాకు తెలియదు. అడగలేదు.

"తెల్వక జేసినవ్ బిడ్డా" అన్నాడు. "నీ తప్పేమున్నది. ఎప్పుడో మర్చిపోయిన నేను."

సువార్త ఆ చేతిని కళ్ళకద్దుకుంది. ఆమె భుజాలు దిగడం, ఎన్నో ఏళ్ళుగా బిగపట్టిన ఊపిరి ఒక్కసారి వదలడం నేను చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు మంచిగయింది, మంచిగయింది అన్నారు. నేను వాళ్ళిద్దరికీ రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఈసారి అడ్డంగా తలుపు కూడా లేదు. నోరు తెరవలేదు.